రెండు పార్టీలకీ ఒకే గొంతు

పొద్దున్న నేను గర్భస్రావం ఆడదాని హక్కు అంటాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, గర్భస్రావం మహాపాపం అంటాను. రెండూ ఒకే మైకు ముందు, ఒకే స్టూలు మీద కూర్చునే అంటాను. నన్ను తిట్టుకోకండి. ఇది నా ఉద్యోగం.

మా స్టీలు ప్లాంటు ఊరు బిలాయిలో, సుపేలా మెయిన్ రోడ్డు మీద ఒక మొబైల్ షాపుంది. దాని పైగదిని మా ఉమేష్ స్టూడియో అంటాడు. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి, తలుపుకి వాళ్ళమ్మ కుట్టిన బొంత వేలాడదీశాడు, స్టూడియో అయిపోయింది. రికార్డింగ్ చేసేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి, లేకపోతే ఆ చప్పుడంతా మైకులో పడుతుంది. చెమటలు కక్కుకుంటూ చదవాలి. మొదట్లో చీరల షాపులవీ, కోచింగ్ సెంటర్లవీ చదివేదాన్ని. ఈమధ్య అమెరికా పని వస్తోంది. అక్కడ తెలుగువాళ్ళు బాగా పెరిగారట, వాళ్ళ ఓట్లు కావాలట, అందుకని రెండు పార్టీలవాళ్ళూ తెలుగులో ప్రకటనలు చేయించుకుంటున్నారు. అక్కడివాళ్ళు హైదరాబాదులో ఎవరికో ఇస్తే, ఆయన చవగ్గా అయిపోతుందని మా ఉమేష్‌కి పంపిస్తాడు.

"ఇద్దరికీ మనమే చెయ్యడం ఏం బాగుంటుందిరా?" అని ఒకసారి ఉమేష్‌ని అడిగాను.

"అరే దీదీ, ఎలక్షన్ టైములో మన టెంట్‌హౌస్‌వాడు రెండు పార్టీలకీ కుర్చీలు పంపడా ఏటి? కుర్చీకి ఏ పార్టీ? నువ్వు ఫ్యాను ఆపు, స్టార్ట్ చేద్దాం" అన్నాడు.

సరే, నేను కుర్చీని. ఫ్యాను ఆపాను.

చదివి చదివి ఆ దేశం సంగతి నాకు కంఠతా వచ్చేసింది. దాదాపు యాభై ఏళ్ళు దేశమంతా ఉన్న హక్కుని రెండేళ్ళ కిందట వాళ్ళ సుప్రీంకోర్టు తీసేసి, ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిదే అంది. ఇక చూడండి తమాషా. ఒక రాష్ట్రంలో ఆరు వారాలు దాటితే డాక్టర్ని జైల్లో పెడతారు. అక్కణ్ణించి కారేసుకుని పక్క రాష్ట్రానికి వెళితే అదే పని డాక్టరుకి మామూలు ఉద్యోగం. ఒక పార్టీ ప్రాణం, ప్రాణం అంటుంది. ఇంకో పార్టీ స్వేచ్ఛ, స్వేచ్ఛ అంటుంది. ఒకళ్ళ ప్రకటనలో బోసినవ్వుల పసిపాప ఉండి తీరాలి. ఇంకొకళ్ళ ప్రకటనలో ఎవరికో ఘోరం జరిగి తీరాలి, లేకపోతే ప్రాణం మీదికి రావాలి. ఏ ఘోరమూ జరగకుండా, ఊరికే అలిసిపోయి, నాకు వద్దు బాబూ అన్న మామూలు ఆడది ఇన్ని ప్రకటనల్లో ఒక్కదాన్లోనూ కనబడలేదు. అలాంటిదానికోసం ఎవరూ ఓట్లెయ్యరు కాబోలు.

ఈ సంవత్సరం దసరాకి ముందు ఆ మామూలు ఆడదాన్ని నేనే అయ్యాను.

నాకు ముప్ఫై తొమ్మిది. మా అమ్మాయి అమ్ము పన్నెండో క్లాసు. మా అత్తగారు జోగమ్మకి షుగరు, కాలి మీద మానని పుండు, రోజూ కట్టు మార్చాలి. మా ఆయన లక్ష్మీప్రసాద్‌ది స్టీలు ప్లాంటులో, పట్టాలు చేసే రైల్ మిల్లులో ఉద్యోగం. వారానికొక షిఫ్టు మారుతుంది, ఆ షిఫ్టుతో పాటు మా ఇంట్లో వంటా మారుతుంది, నిద్రా మారుతుంది. వీటిలో ఏ ఒక్కటీ కారణం కాదు. అన్నీ కలిపితే కూడా కారణం కాదేమో. టెస్టు పట్టీ మీద రెండు గీతలు చూసి బాత్రూమ్‌లో బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయినప్పుడు నాకు వచ్చిన మాట ఒకటే. నాకొద్దు. మళ్ళీ పాలు, మళ్ళీ జ్వరాలు, మళ్ళీ స్కూలు గేటు, మళ్ళీ పదిహేడేళ్ళు. నా దగ్గర లేవు. ఎక్కణ్ణించి తెస్తాను?

ఖుర్సీపార్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి ఫోను చూసుకుంటూ, "పతి కా సైన్ లగేగా ఆంటీ" అంది. భర్త సంతకం కావాలట. నేనే వచ్చాను కదమ్మా అంటే, రూల్ అంది. రూల్ అనగానే నమ్మేశాను. ప్లాంటు ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి రూల్ అన్నమాట వినబడితే చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. గేటు పాసు, క్వార్టరు అలాట్‌మెంటు, అన్నిటికీ ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా, దీనికీ అంతేనేమో అనుకున్నాను.

అందుకని ఆయనకి చెప్పాల్సి వచ్చింది.

మా ఆయన చెడ్డవాడు కాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే నా ఖర్మ. ఆయన యూనియన్‌లో కమిటీ మెంబరు. ఇరవై ఏళ్ళుగా మీటింగుల్లో కూర్చుని కూర్చుని, మీటింగు లేకుండా ఏ పనీ చెయ్యలేని మనిషైపోయాడు. మా ఇంట్లో ఫ్రిజ్ ఏ రంగుది కొనాలన్నా మీటింగే. నేను ఎరుపు అన్నాను, ఓడిపోయాను, ఇప్పుడు బూడిదరంగు ఫ్రిజ్‌లో పాలు పెడుతున్నాను. వీధిలో అందరూ మా ఇంటిని పార్లమెంటంటారు. ఆయన దానికి గర్వపడతాడు కూడా.

సెకండ్ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటున్నప్పుడు చెప్పాను. ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అలాగే ఉండిపోయాడు.

"నిజవేనా?"

"నిజమే. నాకొద్దు. సంతకం కావాలట. వచ్చి పెట్టండి."

"అరుణా, ఇలాటిది ఒక్కళ్ళం డిసైడ్ చేసీడం కాదు. ఇంట్లో అందరికీ సంబంధం ఉన్న ఇషయం. ఆదివారం మీటింగ్ పెడదాం" అన్నాడు.

"ఇది ఫ్రిజ్ కాదండీ."

"అందుకే కదేటి మీటింగు" అన్నాడు. చాలా మంచిగా, చాలా ఓపిగ్గా అన్నాడు. నాకు ఆయన నెత్తిమీద ఆ బూటే పెట్టి కొట్టాలనిపించింది. అన్నం వడ్డించాను.

ఆదివారంలోగా ఇంకొకటి జరిగింది. అంతకు ముందువారం నేను రెండు పార్టీలకీ రెండు ప్రకటనలు చదివి పంపాను. హక్కు పార్టీవాళ్ళు నాది వద్దన్నారు. గొంతులో శ్రీకాకుళం యాస ఉందట, చదువుకున్న అమ్మాయి గొంతు కావాలట, హైదరాబాదులో ఎవరిచేతో చదివించుకున్నారు. నేను బిలాయిలో పుట్టాను, శ్రీకాకుళం నాలుగుసార్లు కూడా చూడలేదు. అయినా మా అమ్మ నోట్లోంచి వచ్చిన భాష ఎక్కడికి పోతుంది? రెండో పార్టీవాళ్ళకి మాత్రం ఆ యాసే తెగ నచ్చేసింది. అచ్చం ఊళ్ళో అమ్మమ్మ చెప్పినట్టుందన్నారట. ముప్ఫై తొమ్మిదేళ్ళకే నేను అమెరికాలో అమ్మమ్మనైపోయాను.

ఆ అమ్మమ్మ ప్రకటన శుక్రవారం నాటికి మా ఇంటికి వచ్చేసింది. మా అత్తగారి చెల్లెలి మనవరాలు కిరణ్మయి అమెరికాలోనే ఉంటుంది. దానికి ఫోన్లో ఆ ప్రకటన వచ్చిందట, గొంతు గుర్తుపట్టి, ఇది మా అరుణ పిన్నే అని చుట్టాల గ్రూపులో పెట్టేసింది. ఇక మా అత్తగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని పొద్దస్తమానం అదే వినడం. "కడుపులో పడ్డ ప్రాణం దేవుడిచ్చిన వరం తల్లీ. దాన్ని తుంచే చేతికి మన ఓటు వద్దు." నేనే. నా గొంతే. కూర తరుగుతుంటే నా గొంతు, కట్టు మారుస్తుంటే నా గొంతు.

"ఓలమ్మో, ఎంత బాగా సెప్పినావే! నాకు కళ్ళంట నీళ్ళు తిరిగినాయి" అంది మా అత్తగారు. ఆవిడకి అప్పటికింకా సంగతి తెలీదు.

ఆదివారం తెలిసింది.

బిలాయిలోనే మరోదాలో ఉండే మా మరిది రాజాబాబు కూడా వచ్చాడు. మా ఆయనే పిలిచాడు, కుటుంబం కదా మరి. కుర్చీలు గుండ్రంగా వేశారు. అమ్ముని కూడా కూర్చోబెట్టారు. "చిన్నపిల్లండీ, ఎందుకు?" అంటే, "పదిహేడేళ్ళొచ్చినాయి, నేర్చుకోవాల" అన్నాడు మా ఆయన. నేను టీ పెట్టి తెచ్చాను. నా కడుపు గురించిన మీటింగుకి నేనే టీ పెట్టాను. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఆయన గొంతు సవరించుకుని విషయం చెప్పాడు. మా అత్తగారు మొదట అర్థం కానట్టు చూసింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది.

"ఏటే, మతి పోయిందేటి నీకు? ఇన్నాళ్ళకి దేవుడు కన్ను తెరిసినాడు. గుంటడో, గుంటో, ఎవులైతే ఏటి? నాను సూసుకుంటాను."

"మీ కాలే నేను చూసుకుంటున్నానత్తా" అన్నాను. అనకూడదేమో. అనేశాను.

రాజాబాబు జేబులోంచి ఫోను తీసి ప్రకటన పెట్టాడు. గదంతా నా గొంతే. కడుపులో పడ్డ ప్రాణం దేవుడిచ్చిన వరం తల్లీ. అందరూ తలలు వంచుకుని విన్నారు.

"ఇది నువ్వు సెప్పిందే కదొదినా?"

"చెప్పలేదు. చదివాను."

"చదివినప్పుడు ఏడుపు కూడా వచ్చిందే గొంతులో. అది ఏక్టింగ్ అంటే నాను నమ్మను."

"ఏడవమని రాసుంది బాబూ ఆ కాగితంలో. అంతకు ముందు గంటలోనే ఇంకోటి చదివాను. నా శరీరం గురించి నిర్ణయం నాదే అని. అది కూడా గొంతు వణికిస్తూనే చదివాను. వాళ్ళు వద్దన్నారు గాని, ఆ ప్రకటన వచ్చుంటే ఇవాళ అదే వినేవారు మీరు."

"అది రాలేదు కదా" అన్నాడు. నిజమే, అది రాలేదు.

ఇక ఓటింగన్నాడు మా ఆయన. ఉంచాలన్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. మా అత్తగారు ఎత్తింది. రాజాబాబు ఎత్తాడు. సమంగా వస్తే తప్ప అధ్యక్షుడు ఓటెయ్యకూడదట, అందుకని మా ఆయన చెయ్యి ఒళ్ళోనే ఉంది. అమ్ము నాకేసి చూడలేదు. వాళ్ళ నాన్నమ్మకేసి చూసింది. మెల్లగా చెయ్యెత్తింది.

అక్కడ నా గుండె చెరువైపోయింది. మిగిలినవాళ్ళు ఎత్తితే కోపం వచ్చింది, అంతే.

"మరి నా ఓటు?" అన్నాను.

మా ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నువ్వు పార్టీవి కదా అరుణా. ఎవరి మీద ఎంక్వైరీయో వాళ్ళకి ఓటుండదు. ఎక్కడైనా అంతే, రూల్."

మళ్ళీ రూల్. టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ముగ్గురూ ఉంచాలన్నారు, పాసయిందని వెనకనుంచి వినబడింది.

సోమవారం స్టూడియోకి వెళ్ళేసరికి హక్కు పార్టీ నుంచి ఇంకో కాగితం వచ్చి ఉంది. ఈసారి నడివయసు గొంతు కావాలట, యాస ఉన్నా ఫరవాలేదట. ఎన్నికలు దగ్గరపడ్డాయి, తొందరగా ఉన్నారు. ఫ్యాను ఆపి మొదలుపెట్టాను. "మన రాష్ట్రంలో చట్టం ఏమంటుందో మీకు తెలుసా?" అని మొదటి వాక్యం. చదివి ఆగిపోయాను.

"ఏమైంది దీదీ? తబియత్ బాలేదా?" అన్నాడు ఉమేష్ తలుపు బొంత వెనక నుంచి.

ఏమీ కాలేదు. నన్ను అమెరికాలో ఏ రాష్ట్రంలో ఎన్ని వారాలో నిద్రలో అడిగినా చెప్పగలను. నేనున్న ఈ దేశంలో చట్టం ఏమంటుందో నాకు తెలీదు. ఎప్పుడూ కనుక్కోలేదు. అది చదవమని ఎవరూ నాకు కాగితం ఇవ్వలేదు, ఇక్కడ దానిమీద ఏ పార్టీ ఓట్లడగదు, అందుకని అలాంటిది ఒకటుంటుందని కూడా తోచలేదు. కౌంటరులో పిల్ల చెప్పిందే చట్టమనుకున్నాను, ఇంట్లో మా ఆయన చెప్పిందే రాజ్యాంగమనుకున్నాను. ఎంత మొద్దునో చూడండి.

మిగతాది చదివేసి, పక్కఊరు దుర్గ్ వెళ్ళే బస్సెక్కాను. అక్కడొక లేడీ డాక్టరుంది, స్టేషన్ దగ్గర. సంగతి చెప్పి, మా ఆయన సంతకం పెట్టడు డాక్టరుగారూ, ఏం చెయ్యమంటారు అని అడిగాను. ఆవిడ రాసుకుంటూ తలెత్తలేదు. "ఆయన సంతకం మాకెందుకు? మీరు మేజర్ కదా. మీ సంతకం చాలు. ఎన్ని వారాలో స్కాన్ చేసి చూద్దాం, పడుకోండి" అంది హిందీలో.

అంతే. అంత చిన్న మాట. పడుకుని పైకప్పు చూస్తుంటే నవ్వు వచ్చింది, తరవాత ఏడుపు వచ్చింది, రెండింటికీ ఓపిక లేక ఊరుకున్నాను. మరిదిని పిలిచి, కుర్చీలు వేసి, టీ పెట్టి, పిల్లచేత చెయ్యెత్తించి చేసిన ఆ మీటింగంతా అసలు అక్కర్లేని మీటింగు.

గురువారం మా ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళ్ళాక, మా అత్తగారి కట్టు మార్చి, మధ్యాహ్నానికి కూడా వండి పెట్టి, ఒక్కదాన్నే వెళ్ళాను. అయిపోయింది. నొప్పి గురించి రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు. కొంచెంసేపు పడుకోబెట్టి, మీతో ఎవరొచ్చారని ఆయా అడిగింది. ఎవరూ రాలేదన్నాను. ఆవిడే ఆటో పిలిచి ఎక్కించింది.

ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పేశాను. దాచేంత ఓపిక నాకు లేదు. ఆవిడ "పాపిష్టిదానా" అని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాటలో కోపంకన్నా ఏడుపే ఎక్కువ. ఆవిడ ఆశపడింది. అది నాకు తెలుసు. నాకు జాలేసింది కూడా. జాలేసినంత మాత్రాన బిడ్డని కని ఇవ్వలేను కదా.

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన నా మొహం చూడగానే గ్రహించాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు.

"మీటింగులో పాసయింది కదా" అన్నాడు.

"అయింది."

"మరి?"

"ఆ మీటింగు నేను పెట్టలేదు" అన్నాను.

"ముందే సెప్పుంటే ఆటోలో రానిద్దునేటి? బండి మీద తెచ్చీవోణ్ణి కదా" అని, లేచి కొబ్బరిబొండం తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు. ఇందుకే చెడ్డవాడు కాడన్నాను. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది.

అమ్ము సాయంత్రం కోచింగ్ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నమ్మ దగ్గర ఏం విందో ఏమో, బ్యాగు భుజానే ఉంచుకుని నా గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నామీద గుస్సాగా ఉన్నావా?"

"లేదే."

"మీటింగులో నాన్నమ్మ నా చెవిలో అంది. నిన్ను కూడా ఇలాగే తీయించేస్తే నువ్వు ఉండేదానివేనా అని. సచ్చీ, నాకు డర్ లగ్ గయా, చాలా భయమేసింది. అందుకే చెయ్యెత్తాను."

ఒక సంగతి దానికి ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. పదిహేడేళ్ళు చెప్పలేదు కూడా. కాని ఆ సాయంత్రం ఏదైనా కప్పిపుచ్చడానికి నా ఒంట్లో బలం లేదు.

"నీ అప్పుడూ మీటింగు పెట్టారు" అన్నాను.

అది బ్యాగు కింద పెట్టింది. "నా అప్పుడు? ఏం పాసయింది?"

"తీయించెయ్యాలని. మీ నాన్న అప్పటికి పర్మనెంట్ కాలేదు. మీ తాతకి పక్షవాతం. ఇప్పుడే వద్దన్నారు."

"నాన్నమ్మ?"

"చెయ్యెత్తింది."

"నాన్న?"

"నాన్న అప్పుడూ అధ్యక్షుడే."

"నువ్వు?"

"నాకు అప్పుడూ ఓటు లేదు. ఆస్పత్రి దాకా తీసుకెళ్ళారు. నేను రిక్షా దిగలేదు. ఎంత చెప్పినా దిగలేదు. నాకు నువ్వు కావాలి, అంతే. ఎవరికీ ఏ కారణమూ చెప్పలేదు. చివరికి వాళ్ళే విసిగిపోయి వెనక్కి తిప్పమన్నారు."

అవతల గదిలో మా అత్తగారు దగ్గింది. అమ్ము అటు చూసింది.

"నాన్నమ్మకి యాద్ ఉందా ఇది?"

"వెళ్ళి అడుగు" అన్నాను.

అది వెళ్ళలేదు. చెప్పులైనా విప్పకుండా వచ్చి, నా పక్కన పడుకుంది.